ఈ పూటకి ఏం చెయ్యమంటావు ప్రభువా

ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు కుటుంబాల్లో ప్రార్థన కొండ కథ వినకుండా పెరిగిన పిల్లలు ఉండరు. చాలా ఇళ్ళలో అది కొత్త సంవత్సరం నాడు చెప్పుకునే కథ. మా ఇంట్లో మాత్రం కష్టం వచ్చినప్పుడల్లా చెప్పేవాళ్ళు. బియ్యం డబ్బా అడుగంటినా, ఎవరికన్నా జ్వరం తగ్గకపోయినా, అప్పులవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుని పోయినా, ఆ రాత్రి మా నాయనమ్మ ఆ కథ ఎత్తుకునేది. ఆమెకి చదువు రాదు. కానీ గుడిలో విన్న ప్రసంగాలూ, మిషన్ బంగళాలో పనిచేసిన పెద్దవాళ్ళు చెప్పిన కబుర్లూ ఒక్కటి మర్చిపోయేది కాదు.

1854 జనవరి ఒకటో తారీఖున, ఇంకా తెల్లవారకముందే, ఐదుగురు ఆ కొండ ఎక్కారు. అమెరికన్ మిషనరీ జూయెట్ దొరగారు, దొరసానిగారు, నెల్లూరు నుంచి వాళ్ళ వెంట వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో మొదలై పద్నాలుగేళ్ళు అవుతున్నా నమ్మినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. అంతకుముందు ఏడాదే అమెరికాలో ఆల్బనీ అనే ఊళ్ళో మిషన్ సభ జరిగితే, ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని చర్చ పెట్టారు. పటం మీద ఒక్కటే చుక్కగా ఉందని దానికి ‘లోన్ స్టార్’ అనే పేరు కూడా పడింది. అలాంటి రోజుల్లో ఆ ఐదుగురూ కొండ మీద మోకరించి, ఈ ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపు ప్రభువా అని అడిగారు.

వాళ్ళు అడిగిన ఆ సేవకుడు, మిషనరీ క్లౌ దొర, వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్ళ తర్వాత.

మాకు బోధించేవాళ్ళు ఎప్పుడూ ఈ కథని కొండ మీద మొదలుపెట్టి నేరుగా క్లౌ దొర దగ్గరికి వచ్చేసేవాళ్ళు. నాయనమ్మ అట్లా చెప్పేది కాదు. ఆమెకి మధ్యలో ఉన్న పన్నెండేళ్ళే కావాలి. “కొండ దిగినాక ఆ పన్నెండేళ్ళూ వాళ్ళు ఏం జేశారంటావే?” అని మమ్మల్ని అడిగేది. మాకేం తెలుసు? తనే చెప్పేది. “ఏం జేస్తారు? పొద్దున్నే లేచి ఆ రోజు పని ఆ రోజు జేసుకున్నారు. మళ్ళా పొద్దున్నే లేచారు.” ఆ మధ్యలోనే జూయెట్ దొర ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళాడు. 1862లో మిషన్ మూసేసే మాట మళ్ళీ వచ్చింది. ఎవరు సాయం చేసినా చెయ్యకపోయినా నేను వెనక్కి వెళ్తాను, ఆ తెలుగువాళ్ళ మధ్యే బతికి అక్కడే చస్తాను అన్నాడట. అట్లయితే నిన్ను పూడ్చిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి గదా అన్నారట మిషన్ పెద్దలు. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ కళ్ళు తుడుచుకునేది. ఎన్నిసార్లు చెప్పినా అక్కడ తుడుచుకునేది.

ఆమెకి కొండ కథ కంటే కాలవ కథ ఇంకా దగ్గర. ఎందుకంటే అందులో ఆమె సొంత మనిషి ఉంది.

ధాత నామ సంవత్సరంలో వానలు పడలేదు. ఇంగ్లీషు లెక్కలో 1876. మరుసటి ఏడు ఈశ్వర కూడా అంతంతమాత్రమే. మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లాలకి జిల్లాలు ఎండిపోయాయి. మా వైపు ముసలివాళ్ళు దాన్ని ధాత కరువు అంటారు. గింజల ధర అందకుండా పోయింది, గొడ్లు చచ్చాయి, కలరా వచ్చింది. సర్కారు కరువు పనులు పెట్టింది గానీ, కొన్నాళ్ళు కూలి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణాకి తగ్గించేశారు. మాదిగపల్లెల నుంచి పోయినవాళ్ళని పనుల దగ్గర మేస్త్రీలు మనుషుల్లాగా చూసేవాళ్ళు కాదు. క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని నేర్చుకున్న మనిషి. ఆయన ఏం చేశాడంటే, అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హాం కాలవలో సుమారు మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకున్నాడు. పాకలు వేయించి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పని మధ్యలో విశ్రాంతికి కూర్చున్నప్పుడు వాళ్ళు వాక్యం చెప్పేవాళ్ళు. పెద గంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు పోయే కాలవ అది. అందులో ఆ మూడున్నర మైళ్ళు మా పెద్దవాళ్ళ రెక్కల కష్టం.

మా నాయనమ్మ వాళ్ళ అవ్వ అక్కడ మట్టి మోసింది. అప్పటికి ఆమె పెళ్ళికెదిగిన పిల్ల. నాయనమ్మ చిన్నప్పుడు ఆ ముసలామె తల దువ్వేదట. నడినెత్తిన చుట్టకుదురు పెట్టుకున్న చోట రూపాయి బిళ్ళంత మేర జుట్టు మళ్ళీ మొలవనే లేదట. “ఇదేందవ్వా?” అని అడిగితే, “కాలవమ్మా” అనేదట. అంతే. ఇంకేమీ చెప్పేది కాదట.

ఆ కరువులో వేలమంది వచ్చి మాకు బాప్తిస్మం ఇయ్యండి అని అడిగారు. క్లౌ దొర ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. కాలవ పని అయిపోయి, వానలు పడి, ఇక ఇచ్చేందుకు మిషన్ చేతిలో ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. అప్పుడు మొదలుపెట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. ఆ రోజు క్లౌ దొర తన చేత్తో ఎవరికీ ఇవ్వలేదు. ఈ సంఖ్య మా సంఘాల్లో అందరికీ నోటికి వచ్చు. కానీ నాకు ఎప్పుడూ అంతకుముందు ఏడాదే గుర్తొస్తుంది. కడుపు కాలుతోంది, బాప్తిస్మం ఇవ్వనన్నారు, వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. అయినా పొద్దున్నే లేచి తట్ట నెత్తిన పెట్టుకుని కాలవలోకి దిగిన ఆ పిల్ల గుర్తొస్తుంది.

బహుశా ఆమె దగ్గర నుంచే వచ్చిందేమో, నాయనమ్మకి ఒక ప్రార్థన ఉండేది. పొద్దున పొయ్యి వెలిగించేముందు, తలమీద కొంగు కప్పుకుని, “ప్రభువా, ఈ పూటకి ఏం చెయ్యమంటావో చెప్పు” అనేది. గట్టిగానే అనేది. పక్కన మనిషిని అడిగినట్టు. ఆ తర్వాత కాసేపు ఊరుకుని, లేచి పనిలో పడేది. చిన్నప్పుడు నేను ఆ ఊరుకున్న కాసేపూ చెవులు రిక్కించి వినేదాన్ని, దేవుడు ఏమన్నా అంటాడేమోనని.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ ప్రార్థనకి అసలు పరీక్ష వచ్చింది.

మా నాన్న పొగాకు బ్యారన్ల దగ్గర, అంటే ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే గదుల దగ్గర, పనిచేసేవాడు. పండిన ఆకుని ఆడవాళ్ళు కర్రలకి కట్టి ఇస్తే, మగవాళ్ళు బ్యారన్ లోపల అంతస్తులుగా ఉన్న వాసాల మీద కాళ్ళు చెరోవైపు చాపి నిలబడి, కింది నుంచి పైకి అందించుకుంటూ నింపుతారు. తర్వాత పొయ్యి వెలిగించి ఐదారు రోజులు రాత్రింబగళ్ళు కాపలా. 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, ఆకు పసుపెక్కేదాకా మెల్లగా, తర్వాత రంగు నిలిచేదాకా, చివరికి ఈనె ఆరేదాకా 160 వరకు వేడి పెంచుకుంటూ పోవాలి. ఒక్క రాత్రి నిద్రపోతే బ్యారన్ అంతా నల్లబడిపోతుంది. నాన్న ఆ పనిలో గట్టివాడు. చిన్న అద్దంలోంచి లోపలికి చూసి ఆకు ఎట్లా ఉందో చెప్పేసేవాడు. ఆయన చొక్కాకి వచ్చే ఆ తీపి ఘాటు వాసన ఇప్పుడు ఎక్కడన్నా తగిలితే నాకు కాళ్ళు ఆగిపోతాయి.

ఒక మాఘమాసం సాయంత్రం బ్యారన్ నింపుతుండగా పై వాసం జారింది. నాన్న కింద పడ్డాడు. నడుము కింద నుంచి స్పర్శ పోయింది. గుంటూరు తీసుకెళ్ళారు. కొన్ని వారాలుంచి, ఇక చేసేదేమీ లేదు ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. జట్కాలోంచి దించి నాన్నని నులక మంచం మీద పడుకోబెట్టినప్పుడు మా తమ్ముడు, వాడికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు ఉంటాయి, “నాన్నా, లేచి కూర్చో” అన్నాడు. ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

సంఘం అంతా ప్రార్థన చేసింది. ఇది నేను గట్టిగా చెప్పాలి, ఎవరూ తక్కువ చెయ్యలేదు. పాస్టరు అయ్యగారు ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లోనే పెట్టారు. పల్లెలో ఆడవాళ్ళు కలుపుకి పోయి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బురద ఆరని చీరలతోనే వచ్చి మా వాకిట్లో కూర్చునేవాళ్ళు. ఒకామె ఒడిలో సోలెడు బియ్యం తెచ్చి, ఎవరూ చూడకుండా చాట కింద పోసి పోయేది. కీర్తనలు పాడేవాళ్ళు, కంజీర మోగేది. పక్షవాయువుగలవానిని యేసు ప్రభువు లేపిన భాగం చదివేవాళ్ళు. అందరం ఒకటే అడిగాం. నాన్న నడవాలని.

నాన్న నడవలేదు.

ఇట్లాంటివి సాక్ష్యాల్లో చెప్పరు. స్వస్థత జరిగిన ఇళ్ళు లేచి నిలబడి చెబుతాయి, జరగని ఇళ్ళు వెనక వరసలో కూర్చుంటాయి. మేము చాలాకాలం వెనక వరసలో కూర్చున్నాం. అమ్మ గ్రేడింగుకి, అంటే పొగాకు ఆకుని రకాలుగా వేరుచేసే పనికి, పోవడం మొదలుపెట్టింది. పొగాకు ధూళికి రాత్రంతా దగ్గేది. అప్పిచ్చినవాళ్ళు మర్యాదగా వచ్చి, మర్యాద లేకుండా మాట్లాడి పోయేవాళ్ళు. నాకు బడి మానెయ్యమనే మాట వచ్చింది. ఒకరోజు నేను నాయనమ్మ మీద అరిచాను, “నీ దేవుడు ఏం చెబుతున్నాడు రోజూ?” అని. ఆమె కోప్పడలేదు. “చెబుతున్నాడు గదే. ఇయ్యాల మీ నాన్నకి నీళ్ళు పొయ్యమన్నాడు. రా, ఒక చెయ్యి పట్టు” అంది.

నాన్నకి నీళ్ళు పొయ్యడమంటే మామూలు పని కాదు. అది మాకు నేర్పింది మా బైబిలమ్మగారు. పల్లెల్లో తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పే మనిషి ఆమె. వయసులో ఉన్నప్పుడు మిషన్ ఆస్పత్రిలో పనిచేసింది. తెల్ల చీర, చంకలో బైబిలు, చేతిలో గొడుగు. ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, పోయేముందు నాన్న దుప్పటి ఎత్తి వీపు చూసింది. నడుము దగ్గర ఎర్రగా కమిలి ఉంది. మా అమ్మని పిలిచి, “అమ్మా, ప్రార్థన ఎంత చేసినా ఇట్లా వదిలేస్తే ఈయన పుండుపడి పోతాడు. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. రాత్రి కూడా” అంది. ఎట్లా తిప్పాలో చూపించింది. ముందు దగ్గరి చెయ్యి పైకి పెట్టాలి. అవతలి కాలు ఇవతలి కాలు మీదకి వెయ్యాలి. భుజం దగ్గర ఒక చెయ్యి, తుంటి దగ్గర ఒక చెయ్యి. లాగకూడదు, మనవైపు దొర్లించుకోవాలి. వీపు వెనక పాత చీర చుట్టి పెట్టాలి, మోకాళ్ళ మధ్య ఇంకోటి. దుప్పటి మీద ఒక్క ముడత కూడా ఉండకూడదు. మడమలు మంచానికి ఆనకూడదు.

రాత్రిపూట ఆ పని నాది అయింది. అమ్మ పొద్దున్నే పనికి పోవాలి గనక. నాన్న మంచం పక్కన లాంతరు తగ్గించి పెట్టుకుని చదువుకునేదాన్ని. బడి మాననవసరం లేకుండా పోయింది కూడా అందువల్లే, రాత్రంతా ఎట్లాగూ మేలుకోవాలి గదా, చదువుకోనియ్యి అని నాన్నే అన్నాడు. నాన్న చేతులు బాగానే ఉండేవి. పగలంతా జనుము తెప్పించుకుని నులక పేనేవాడు. పడుకునే, ఒక కొస మంచం కోడుకి కట్టి. అది అమ్మితే పెద్దగా వచ్చేది కాదు గానీ, ఆయన చేతులు ఖాళీగా ఉండటం ఆయనకి ఇష్టం లేదు. పేనుతూ మాకు వాక్యాలు కంఠస్థం చేయించేవాడు. అందరి ఇళ్ళలో ఇరవై మూడో కీర్తన ఉంటుంది. మా ఇంట్లో అది కాదు. నాన్న ఎంచుకుంది యెషయా యాభయ్యో అధ్యాయం పదో వచనం. “వెలుగులేకయే చీకటిలో నడచువాడు యెహోవా నామమును ఆశ్రయించి తన దేవుని నమ్ముకొనవలెను.” ఒకరోజు అడిగాను, నాన్నా, చీకటిలో నడిచేవాడికి వెలుగు ఇస్తానని కదా ఉండాలి అని. “ఇస్తానని ఇంకోచోట ఉందిలే తల్లీ. ఇక్కడ మటుకు, వెలుగు లేకపోయినా నడవమన్నాడు. నాకు ఈ మాటే ధైర్యంగా ఉంది” అన్నాడు. నడవలేని మనిషి ఆ మాట అనడం నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను, కానీ ఆ మాట మీద ఆనుకుని చాలా రాత్రులు దాటాను.

నాన్నకి చివరిదాకా ఒక్క పుండు పడలేదు. కొన్నేళ్ళు బతికాడు. అది చూసి బైబిలమ్మగారే పదో తరగతి అవ్వగానే నా చెయ్యి పట్టుకుని మిషన్ ఆస్పత్రి నర్సింగ్ స్కూలుకి తీసుకెళ్ళింది. వయసు చాలలేదంటే ఇంటర్ అయ్యాక మళ్ళీ తీసుకెళ్ళింది. బస్సు ఛార్జీ ఆమే పెట్టుకుంది. ట్రైనింగులో మొదటిసారి మంచం మీది రోగిని తిప్పమన్నప్పుడు, సిస్టరుగారు నన్ను చూసి, “ఎక్కడ నేర్చుకున్నావు?” అని అడిగారు. ఇంట్లో అని చెప్పాను.

ఒక మాట ఇక్కడ చెప్పకుండా పోలేను. ఉద్యోగం వచ్చాక ఒక పెద్దాయన నన్ను కూటంలో సాక్ష్యం చెప్పమన్నారు. నిన్ను నర్సును చెయ్యడానికే దేవుడు మీ నాన్న నడుము విరిచాడు, అదే చెప్పమ్మా అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నేను చెప్పలేదు. అట్లాంటి దేవుణ్ణి మా నాయనమ్మ నాకు చూపించలేదు. వాసం జారింది పాత కర్ర గనక. దాన్ని మార్చాల్సినవాళ్ళు మార్చలేదు గనక. దేవుడు నాకు కనిపించింది ఆ తర్వాతే, వాకిట్లో బురదకాళ్ళతో కూర్చున్న ఆడవాళ్ళలో, దుప్పటి ఎత్తి వీపు చూసిన బైబిలమ్మగారిలో, రెండు గంటలకోసారి నన్ను లేపిన గడియారంలో. దారి ఎటు పోతుందో ఆయన మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. తర్వాతి పని మాత్రం ఏ రోజుకారోజు చెప్పాడు.

నాన్న పోయాడు, తర్వాత నాయనమ్మ. నాకు సర్కారు ఆస్పత్రిలో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. తమ్ముడు చదువుకుని హైదరాబాదులో స్థిరపడ్డాడు. మంచి కాలం కూడా చాలా ఉంది మా జీవితంలో, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

2021 ఏప్రిల్, మే నెలలు వార్డులో గడిపినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రిటైర్మెంటు దగ్గర పడిందని, ఇంట్లో ఉండమని పిల్లలు బతిమాలారు. వెళ్ళాను. పీపీఈ కిట్టు లోపల చెమట మడమల దాకా కారేది. కళ్ళద్దాలు మసకేసేవి. మనుషులు ముఖాలు కనిపించని మా చేతుల్లో పోతున్నారు, అయినవాళ్ళు గేటు బయట చెట్టు కింద కూర్చుని ఉన్నారు. సిలిండర్ వస్తుందా రాదా అనే టెన్షన్ ఒకటి. నిమిషానికి పదిహేను లీటర్ల ఆక్సిజన్ పెట్టినా వేలికి పెట్టిన మీటరు 80 దాటని వాళ్ళు. ఆ రోజుల్లో డాక్టర్లు అందర్నీ బోర్లా పడుకోబెట్టమన్నారు. బోర్లా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగానికి గాలి బాగా అందుతుంది, చాలామందికి అంకె పైకి వచ్చేది. కానీ భారీ మనిషి, మాస్కు ఊడకూడదు, సెలైన్ లాగకూడదు. కుర్ర నర్సులు భయపడేవాళ్ళు. దగ్గరి చెయ్యి పైకి, అవతలి కాలు ఇవతలికి, భుజం దగ్గర ఒక చెయ్యి, తుంటి దగ్గర ఒక చెయ్యి. లాగబాకండమ్మా, దొర్లించండి. వార్డులో నిలబడి నేను చెబుతుంటే నాకు బైబిలమ్మగారి గొంతు వినపడేది.

తమ్ముడు పోయింది అప్పుడే. హైదరాబాదులో. నేను డ్యూటీలో ఉన్నాను. కిట్టు విప్పే గదిలోకి వచ్చాక ఫోను చూశాను. వాడు నాన్నని లేచి కూర్చోమన్న గొంతు వచ్చింది చెవుల్లోకి, ఎన్నో ఏళ్ళ నుంచి వినని ఆ చిన్నపిల్లాడి గొంతు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. ప్రార్థన రాలేదు. ఒక్క వాక్యం గుర్తు రాలేదు. బస్సుల్లేవు, వెళ్ళినా చూడనివ్వరు. అయ్యగారు ఫోనులో ప్రార్థన చేస్తే నలుగురు మనుషులు కప్పిపెట్టి వచ్చారు. ఆ కూర్చున్నచోట చాలాసేపటికి నోట్లోంచి నాయనమ్మ మాట వచ్చింది, ఈ పూటకి ఏం చెయ్యమంటావు ప్రభువా అని. ఆకాశం తెరుచుకోలేదు. ఏ స్వరమూ రాలేదు. లోపల పన్నెండో బెడ్డు ఆయన్ని పక్క మార్చాల్సిన టైము అయింది. లేచి కొత్త కిట్టు వేసుకున్నాను. ఆయన బతికాడు. ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోను చేస్తాడు. ఆయన బతికాడు గనక తమ్ముడి చావుకి అర్థం దొరికిందని నేను అనను. ఆ రాత్రి నేను కూలిపోకుండా ఉండటానికి దేవుడు నాకు ఆ పని ఇచ్చాడని మాత్రం అంటాను.

బస్సులు తిరిగాక మరదలి దగ్గరికి వెళ్ళాను. నన్ను పట్టుకుని, “వదినా, మీ తమ్ముణ్ణి ఎందుకు తీసుకుపోయాడు? మేం ఏం పాపం చేశాం?” అని ఏడ్చింది. నా దగ్గర జవాబు లేదు. ఉందని నటించదలచుకోలేదు. ఇద్దరం ఏడ్చాం. మర్నాడు పొద్దున ప్రార్థన చేసుకుని, మరణ ధృవీకరణ పత్రం కోసం మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళాం. ఆ మర్నాడు బ్యాంకుకి. తర్వాత బీమా కాగితాలు. దేవుని నడిపింపు అంటే చాలామందికి ఏదో పెద్ద దర్శనం గుర్తొస్తుంది. ఆ నెల మా ఇద్దరికీ అది క్యూలో టోకెను నంబరులాగే వచ్చింది. రోజుకి ఒకటి. సాయంత్రం ఇంటికి వచ్చి మోకరించేటప్పుడు, ఈ రోజుది అయింది ప్రభువా, వందనాలు అని చెప్పుకునేవాళ్ళం. మరదలు మెల్లగా అన్నం తినడం మొదలుపెట్టింది. కొన్ని నెలలకి కుట్టు మిషను తీసింది. గుడిలో మళ్ళీ పాడింది. మొదటి చరణం అయ్యేసరికి గొంతు పూడుకుపోతే పక్కన కూర్చున్నావిడ అందుకుంది.

మేనకోడలు డిగ్రీ అయిపోయింది. మొన్న రాత్రి ఫోను చేసింది. బెంగళూరులో ఉద్యోగానికి పిలిచారు, ఇక్కడ అమ్మని ఒంటరిగా వదిలెయ్యాలి, వెళ్ళకపోతే ఫీజుల అప్పు తీరదు. “అత్తా, ఎటు వెళ్ళమంటాడో దేవుడు, నాకు ఏమీ తెలియట్లేదు. పెద్దదానివి, నీకు చెబుతాడేమో అడుగు” అంది. నవ్వు రాలేదు నాకు. దానికన్నా చిన్న వయసులో లాంతరు పక్కన కూర్చుని నేనూ అట్లాగే అడిగాను. ఫోనులోనే ఇద్దరం ప్రార్థన చేశాం. వాళ్ళ తాత వచనం చెప్పమంటే తడుముకోకుండా చెప్పింది. తమ్ముడు నేర్పాడన్నమాట.

“రేపు పొద్దున నీకు ఏం పని ఉంది?” అని అడిగాను.

“సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించాలి అత్తా. ఏ ఉద్యోగానికైనా కావాలి కదా.”

“అయితే పొద్దున్నే పోయి తీయించు. రెండు సెట్లు తీయించు. ఒరిజినల్స్ మటుకు ఎవరు అడిగినా చేతికి ఇచ్చి రాబాకు.”